టెక్నిక్స్ ఎస్ఎల్-1500సి: రింగు తిప్పే ముందు కార్ట్రిడ్జ్ చూసుకోండి

ఈ రికార్డు ప్లేయర్ కొని రెండేళ్లు దాటింది. డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారే పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది, స్పీడు ఇటూ అటూ కదలదు, దాని గురించి ఇంతకు మించి చెప్పక్కర్లేదు. నేను రాసేది టోన్ ఆర్మ్ (ముల్లుని రికార్డు మీద పట్టుకునే చెయ్యి) గురించి, ఎందుకంటే పెట్టిన డబ్బు నాకు అక్కడే గిట్టుబాటైంది.

హెడ్‌షెల్‌కి (ఆర్మ్ కొసన ఊడదీయగలిగే ముక్కకి) బిగించే వచ్చే కార్ట్రిడ్జ్, అంటే ముల్లుండే భాగం, ఆర్టోఫోన్ 2ఎం రెడ్. దాంతో ఏ గొడవా లేదు, ఆర్మ్ బ్యాలెన్స్ చేసి ముల్లు మీద 1.8 గ్రాముల బరువు పెడితే చాలు. ఆడియో-టెక్నికా వీఎం95ఎంఎల్ అనే ఇంకో కార్ట్రిడ్జ్ కొన్నాకే నాకు టెన్షన్ మొదలైంది. ఒక షాపులో బిగింపించుకుంటే అతను కంటిచూపుతోనే బిగించి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి నాన్న కొన్న పాత హెచ్ఎంవీ ఎల్పీ పెట్టాను. మొదటి రెండు పాటలు హాయిగా ఉన్నాయి. సైడు చివరి పాటకొచ్చేసరికి సుశీల గారి గొంతులో ‘స’, ‘శ’ పడిన చోటల్లా చిరచిరలాడింది, గాజు మీద ఇసుక రాసినట్టు. ఆ గొంతు అలా వినాల్సి రావడం నిజంగా బాధేసింది.

తప్పు ఆర్మ్ ఎత్తులోనే ఉందనుకుని, ఆ ఎత్తు మార్చే రింగు వారం రోజులు తిప్పాను. ఆర్మ్ మొదట్లో లాక్ వదులు చేస్తే రింగు 0 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా మెత్తగా తిరుగుతుంది, ఈ సదుపాయం చాలా ప్లేయర్లలో ఉండనే ఉండదు. అయినా చిరచిర తగ్గలేదు. తర్వాత కూర్చుని లెక్కేస్తే అర్థమైంది: ఆర్మ్ పొడవు 230 మిల్లీమీటర్లు, వెనక 4 మిల్లీమీటర్లు లేపితే ముల్లు వాలు మారేది ఒక్క డిగ్రీ. కాబట్టి 140 గ్రాముల రికార్డుకి ఒక ఎత్తు, మందమైన 180 గ్రాముల రికార్డుకి ఇంకో ఎత్తు అంటూ తిప్పుతూ కూర్చోవద్దు. గీతలున్న అట్టముక్క ఆర్మ్ వెనక నిలబెట్టి, ముల్లు రికార్డు మీద ఉండగా ఆర్మ్ గీతకు సమానంగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

అసలు తప్పు హెడ్‌షెల్‌లో దొరికింది. దాన్ని ఊడదీసి ముల్లు ఎక్కడుందో కొలిచే టెక్నిక్స్ ప్లాస్టిక్ గేజ్‌లో పెట్టి చూస్తే, హెడ్‌షెల్ వెనకుండే వాషర్ నుంచి ముల్లు కొసకి 52 మిల్లీమీటర్లు ఉండాల్సింది, దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. పైగా కార్ట్రిడ్జ్ మూతి కొంచెం పక్కకి తిరిగి ఉంది. హెడ్‌షెల్ విడిగా వస్తుంది కాబట్టి బల్ల మీద దీపం కింద పెట్టుకుని తీరిగ్గా సరిచేసుకోవచ్చు. ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మూతి మళ్లీ పక్కకి తిరిగిపోతుంది. అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు బిగిస్తూ, ముల్లుకి తొడుగు వేసి, చూసుకునేటప్పుడు మాత్రమే తీయాలి. నాకు నాలుగోసారికి కుదిరింది. కార్ట్రిడ్జ్ ముందుకి జరిగితే ముల్లు మీద బరువు పెరుగుతుంది, అందుకే డిజిటల్ స్కేలుతో తూచి మళ్లీ 2 గ్రాములకి తెచ్చాను.

అదే ఎల్పీ, అదే పాట పెట్టాను. ‘స’ స్పష్టంగా ‘స’లాగే పలికింది, వెనక వీణ కూడా విడిగా తెలిసింది.

టెక్నిక్స్ గేజ్ తప్పని, కార్ట్రిడ్జ్ ఎక్కడ బిగించాలో చెప్పే బేర్‌వాల్డ్ లెక్కే సరైనదని చాలామంది అంటారు. కోణం చూసుకునే అద్దం ప్రొట్రాక్టర్ పెట్టి అదీ చేసి చూశాను. బేర్‌వాల్డ్‌లో ముల్లు గాడికి సరిగ్గా సమాంతరమయ్యే చోట్లు రికార్డు మధ్య నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర పడతాయి, గేజ్‌తో అయితే దాదాపు 59, 113 దగ్గర. అంటే గేజ్ లోపలి గాళ్లని ఎక్కువ కాపాడుతుంది. నా దగ్గరున్న సినిమా ఎల్పీల్లో పాటలు లేబుల్ దాకా నడుస్తాయి, ఈపీలైతే (చిన్న రికార్డులు) చెప్పనే అక్కర్లేదు. అందుకే మళ్లీ గేజ్ లెక్కకే వచ్చేశాను. బయటి గాళ్లలో శబ్దం వక్రీకరణ కొంచెం పెరుగుతుందన్నది నిజమే, కానీ అక్కడ నా చెవికి తేడా తెలియలేదు.

బరువు తూచే స్కేలు మాత్రం విడిగా కొనుక్కోండి, ఆర్మ్ వెనక అంకెల మీద పూర్తిగా ఆధారపడొద్దు.