అకిహబారాలో పెద్ద అట్టపెట్టె కొంటే: లాకరు, రైలు, బస, విమానం

టోక్యో వెళ్లి ప్లాస్టిక్ మోడల్ కిట్లు కొనేవాళ్లకు ఇబ్బంది బరువుతో కాదు, పొడవుతో. కిట్ పెట్టెలో సగం గాలే ఉంటుంది, చేతికి తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ అదే పెట్టె లాకరులో పట్టదు, రైల్లో పక్కవాళ్ల మోకాళ్లకు తగులుతుంది, సూట్‌కేసు మూత పడనివ్వదు. అందుకే ధర చూసే ముందు కొలత చూడాలి. జేబులో చిన్న టేపు తప్పనిసరి.

లెక్క తేలికే. యమాటో యుద్ధనౌక అసలు పొడవు 263 మీటర్లు. 1/350 స్కేలులో అది 75 సెంటీమీటర్లు, పెట్టె అంతకన్నా పొడవు. 28 అంగుళాల సూట్‌కేసు బయటి ఎత్తే దాదాపు 75 సెంటీమీటర్లు, లోపల ఇంకా తక్కువ. అంటే ఆ కిట్ కొంటే దానికి విడిగా ప్యాకింగు, విడిగా విమాన సామాను లెక్క వేసుకోవాల్సిందే. అదే ఓడ 1/700లో 38 సెంటీమీటర్ల లోపే, బట్టల మధ్య ఇమిడిపోతుంది. గన్‌ప్లాలో (గుండం రోబోల ప్లాస్టిక్ కిట్లు) హెచ్‌జీ రకం (1/144) పెట్టెలు మూడు నాలుగు భుజం సంచిలో పడతాయి. ఎంజీ (1/100) ఒకటి రెండు చేతి సంచిలో మోయొచ్చు. పీజీ (1/60) అయితే ఆ రోజుకి ఇంకేమీ పట్టుకోలేరు.

టోక్యోలో ఎలక్ట్రానిక్స్, హాబీ దుకాణాల పేట అకిహబారా. అక్కడ ఏ దుకాణం ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. యొదొబాషి కెమెరా అనే పెద్ద దుకాణం ఉదయం 9:30కే తెరుస్తుంది కాబట్టి చాలామంది అక్కడ మొదలుపెడతారు. నా మాట వింటే దాన్ని ఆఖరికి ఉంచండి. రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది, నడవలు వెడల్పు, లిఫ్టులు పెద్దవి, జేఆర్ (జపాన్ రైల్వేస్) స్టేషన్ సెంట్రల్ గేటు దాటితే ఎదురుగానే ఉంటుంది. రేడియో కైకాన్ పది అంతస్తుల భవనం, ఎస్కలేటర్లు సన్నం. లోపలి చిన్న దుకాణాల్లో గాజు అల్మరాల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే దారులుంటాయి. మందరాకే, సూపర్ పొటాటో లాంటి పాత వస్తువుల దుకాణాల్లోనూ అంతే. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్లాలి. వీపు సంచి వెనక ఉంటే తిరిగేటప్పుడు అరలోని బొమ్మ కింద పడుతుంది, కాబట్టి ముందుకు వేసుకోవాలి. హాబీ దుకాణాలు చాలావరకు 10, 12 గంటల మధ్య తెరుస్తాయి. ముందు అవి, తర్వాత భోజనం, సాయంత్రం పెద్ద పెట్టె. ఈ వరుస పాటిస్తే లాకరు అవసరమే సగం రోజులు రాదు.

పెద్ద పెట్టె కొన్నప్పుడు కౌంటరు దగ్గర ‘తొత్తె ఒ త్సుకెతె కుదసాయ్’ అనండి. తాడు కట్టి ప్లాస్టిక్ పిడి తగిలించమని అర్థం. అడిగితే చాలా చోట్ల చేస్తారు. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచులకు డబ్బు తీసుకుంటున్నారు, పైగా పెద్ద పెట్టెకు సరిపడే సంచి దొరకడం తక్కువ. వంద యెన్ల దుకాణంలో 70 లీటర్ల చెత్త సంచుల కట్ట ఒకటి కొని పెట్టుకోండి. జూన్, జూలై వానల్లో అట్ట తడిస్తే ముందు మూలలు విచ్చుకుంటాయి, ఆపైన అడుగు జారుతుంది.

ఇక స్టేషన్లలో అద్దె కట్టి సామాను పెట్టుకునే కాయిన్ లాకర్లు. చిన్న, మధ్య, పెద్ద సైజులని మూడు ఉన్నా, మారేది ప్రధానంగా ఎత్తు మాత్రమే. వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లు, లోతు సుమారు 57 దగ్గరే ఉంటాయి. కాబట్టి పెట్టెలో రెండు పక్కలు 35 దాటితే ఎంత పెద్ద లాకరు తీసుకున్నా పడుకోబెట్టలేరు. సన్నటి పక్కను వెడల్పు వైపు పెట్టి నిలబెట్టాలి, అప్పుడు ఎత్తు కోసం పెద్ద లాకరు కావాలి. అద్దె స్థలాన్ని బట్టి 400 నుంచి 1,000 యెన్ల దాకా. రోజు మారితే మళ్లీ కట్టాలి, మూడు రోజులు దాటితే సామాను తీసి వేరే చోట భద్రపరుస్తారు. సుయికా కార్డుతో (రైలు చార్జీలు కట్టే ప్రీపెయిడ్ కార్డు) మూసిన లాకరుకు ఆ కార్డే తాళం చెవి. ఇద్దరు కలిసి వెళ్లి ఒకరి కార్డుతో మూసి, ఇంకొకరు తీయడానికి వెళ్తే తలుపు తెరుచుకోదు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నానికే పెద్ద లాకర్లు నిండిపోతాయి. ఎలక్ట్రిక్ టౌన్ గేటు దగ్గర దొరక్కపోతే షోవా-దోరి వైపు వెతకండి.

ఆదివారం మధ్యాహ్నం 1 నుంచి చువో-దోరి రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రం 6 వరకు, మిగతా నెలల్లో 5 వరకు. నడవడానికి హాయి, కానీ అక్కడ టాక్సీ ఎక్కలేరు. షోవా-దోరి వైపు నడిచి ఎక్కాలి.

రైళ్ల నియమం ఉదారమే: మూడు పక్కల మొత్తం 250 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్లు, బరువు 30 కిలోల లోపు రెండు వస్తువులు ఉచితం. ఏ మోడల్ పెట్టే దీన్ని దాటదు. అడ్డం పడేది రద్దీ. ఉదయం 7:30 నుంచి 9:30, సాయంత్రం 5:30 నుంచి 7:30 మధ్య పీజీ పెట్టెతో ఎక్కకండి. అట్ట మూలలు నలుగుతాయి, ఎదుటివాళ్లకు గుచ్చుకుంటాయి. యమనోటె లైన్ రైళ్లలో ప్రతి బోగీలోనూ చక్రాల కుర్చీలకూ పిల్లల బండ్లకూ కేటాయించిన ఖాళీ చోటు ఉంటుంది. వాళ్లెవరూ లేనప్పుడు అక్కడ గోడకు ఆనించి నిలబడొచ్చు, వస్తే వెంటనే జరగాలి. తేలికైన పెట్టె అయితే పై అర మీద పెట్టేయండి, కానీ దిగేటప్పుడు మర్చిపోయే చోటు అదే.

నిషి-కసాయ్‌లో ఉండే తెలుగు కుటుంబాల దగ్గర దిగేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. అకిహబారాలో హిబియా లైన్ ఎక్కి కయబాచోలో తోజాయ్ లైనుకు మారాలి. తోజాయ్ ర్యాపిడ్ రైలు నిషి-కసాయ్‌లో ఆగదు, తోయోచో తర్వాత నేరుగా ఉరయాసులోనే. లోకల్ ఎక్కండి. ఈ లైన్ టోక్యోలో పేరుమోసిన రద్దీ లైను: 2019లో కిబా, మోన్జెన్-నకాచో మధ్య ఉదయపు రద్దీ రైలు సామర్థ్యంలో 199 శాతం. ఉదయం ఆ రద్దీ నగరం వైపు, సాయంత్రం నిషి-కసాయ్ వైపు. రాత్రి 8 దాటాక బయల్దేరితే ఎంతో తేడా.

బస విషయంలో అకిహబారాలోనే గది తీసుకోవడం కొనుగోళ్లకు సుఖం, మధ్యలో వచ్చి పెట్టెలు పెట్టి మళ్లీ వెళ్లొచ్చు. కానీ బిజినెస్ హోటల్ గదులు చిన్నవి. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచి సర్దే చోటు ఉండదు. బుక్ చేసేటప్పుడు మంచం కింద ఖాళీ ఉందో లేదో ఫొటోల్లో చూడండి, పెట్టెలు పెట్టే అసలు చోటు అదే. నేనైతే అసకుసబాషికి ఓటేస్తాను. సోబు లైన్ పసుపు రైలులో ఒక్క స్టేషన్, నడిచినా దగ్గరే. పైగా అక్కడి అసకుస లైన్ మీద నరిత, హనేద విమానాశ్రయాలు రెండింటికీ మారకుండా వెళ్లే రైళ్లు ఉన్నాయి. లోపం ఒకటి: అవి మామూలు నగర రైళ్లు, పెద్ద సామానుకు ప్రత్యేక చోటు లేదు. నరితకు వెళ్లే కేసేయ్ కంపెనీ ఎక్స్‌ప్రెస్ స్కైలైనర్ కావాలనుకుంటే అకిహబారా నుంచి నిప్పోరి వెళ్లండి, ఉయెనో కాదు. ఉయెనోలో జేఆర్ నుంచి కేసేయ్ స్టేషనుకు బయటికి వచ్చి నడవాలి, నిప్పోరిలో ఒకే భవనంలో మారొచ్చు. నిప్పోరికి యమనోటె లైనే ఎక్కండి. పగటి పూట కేహిన్-తోహోకు ర్యాపిడ్ అక్కడ ఆగదు.

కిట్లు ఎక్కువైతే తక్యూబిన్ (సామాను చేరవేసే పార్సిల్) సేవ డబ్బుకు తగ్గ పని చేస్తుంది. మూడు పక్కల మొత్తాన్ని బట్టి 60, 80, 100 అంటూ 200 దాకా సైజులు. 120 సైజుకు 15 కిలోలు, 160కి 25 కిలోల పరిమితి. విమానాశ్రయానికి పంపేటప్పుడు చీటీ మీద విమానం తేదీ, సమయం రాయాలి. సామాను ప్రయాణానికి ముందు రోజుకల్లా చేరాలి కాబట్టి రెండు మూడు రోజుల ముందే ఇచ్చేయండి. క్యోతో వైపు షింకాన్‌సెన్‌లో వెళ్తుంటే, మూడు పక్కల మొత్తం 160 దాటిన సామానుకు బోగీ చివరి వరుస సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. దానికి అదనపు రుసుము లేదు. చేసుకోకపోతే 1,000 యెన్లు కట్టించుకుంటారు.

హైదరాబాద్ దాకా మూడు పెట్టెలను ఒకటిగా మార్చే పద్ధతి ఉంది. రన్నర్లను (భాగాలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రాలు) సంచుల్లోంచి తీయకుండా అన్నిటినీ పెద్ద కిట్ పెట్టెలో పేర్చండి. పారదర్శక భాగాలు, క్రోమ్ భాగాలు పైన విడిగా ఉండాలి, లేకపోతే రాపిడికి గీతలు పడతాయి. నీటితో అంటించే డెకాల్స్ మాన్యువల్ మధ్యలో చదునుగా పెట్టండి. మడత పడితే అక్కడే చిట్లుతాయి. ఖాళీ పెట్టెల నాలుగు మూలలూ బ్లేడుతో చీల్చి చదును చేస్తే సూట్‌కేసు అడుగున పరుచుకుంటాయి, ఇంటికొచ్చాక లోపలి వైపు టేపు వేస్తే మళ్లీ నిలబడతాయి. నిప్పర్లు (భాగాలు కత్తిరించే పటకార్లు), కత్తులు చెక్-ఇన్ సామానులోనే.

రంగులు మాత్రం టోక్యోలో కొనకండి. లాకర్ (lacquer) రకం రంగులు, థిన్నరు, స్ప్రే డబ్బాలు, మోడల్ సిమెంటు మండే పదార్థాలు. చేతి సంచిలోనూ చెక్-ఇన్‌లోనూ కుదరవు. తమియా అక్రిలిక్ సీసాల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, పేరులో అక్రిలిక్ ఉందని వదలరు. రిమోట్ కార్ల విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలో, కొసలకు టేపు చుట్టి తీసుకెళ్లాలి.

పన్ను మినహాయింపు పర్యాటకులకే, జపాన్‌లో నివాసం ఉండేవాళ్లకు లేదు. 2026 నవంబర్ 1 నుంచి దుకాణంలో 10 శాతం పన్నుతో సహా చెల్లించి, వెళ్లేటప్పుడు కస్టమ్స్ నిర్ధారణ అయ్యాక తిరిగి పొందే పద్ధతి అమలవుతుంది. వస్తువులు చూపించమంటే చూపించాలి. కాబట్టి ఆ కిట్లున్న సూట్‌కేసును కస్టమ్స్ పని అయ్యాకే చెక్-ఇన్ కౌంటరులో ఇవ్వండి, ప్లాస్టిక్ చుట్టించేది ఆ తర్వాతే.