సగం ధరకు దొరికే కోటింగ్ గిటార్ తీగలతో జాగ్రత్త

అకౌస్టిక్ గిటార్‌కు ఎక్కువ కాలం మన్నే తీగలు, శ్రుతి నిలిచే తీగలు కావాలని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది చదవవలసిందిగా మనవి. పేరున్న ఒక షాపింగ్ వేదికలో, ప్రసిద్ధ కంపెనీ పేరు ముద్రించిన కోటింగ్ (పలుచని రక్షణ పొర ఉన్న) తీగల సెట్లను ఒక విక్రేత దాదాపు సగం ధరకు అమ్ముతుంటే మా చర్చి గాయక బృందం కోసం తెప్పించాము. అవి నకిలీవనడంలో ఇప్పుడు నాకు సందేహం లేదు.

మాది విశాఖపట్నం. ఇక్కడి సముద్రపు గాలిలోని ఉప్పుకు చేతి చెమట తోడై, చుట్టు తీగల (ఉక్కు తీగ మీద సన్నని లోహపు తీగ చుట్టిన లావు తీగల) సందుల్లో చేరి, మామూలు బ్రాంజ్ తీగలను త్వరగా నల్లబరుస్తుంది. పలుచని పాలిమర్ పొర ఉన్న తీగలకు రెట్టింపు ధర పెట్టడానికి కోస్తా ఊళ్లలోని వాద్యకారులు వెనుకాడకపోవడానికి కారణం ఇదే. మోసం చేసేవారు కనిపెట్టింది కూడా ఈ అవసరాన్నే. మాకు వచ్చిన తీగల మీద పొర ఉన్న జాడే లేదు. నెల తిరగకముందే చుట్టు తీగలు నల్లబడి, నాదం మొద్దుబారిపోయింది.

అయితే నన్ను ఎక్కువగా బాధించింది శ్రుతి. కొత్త తీగలు మొదట్లో సాగడం సహజమే. వాటిని మెల్లగా లాగి, మళ్లీ శ్రుతి చేస్తూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో కుదురుకుంటాయి. ఇవి కుదురుకోలేదు. పైగా ఎక్కడా నొక్కని విడి తీగను శ్రుతి చూపే ట్యూనర్‌లో సరిగ్గా నిలిపినా, 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కినప్పుడు రావలసిన పై స్థాయి స్వరం ఒక తీగ మీద హెచ్చుగా, మరో తీగ మీద తగ్గుగా పలికింది. తీగ మందం పొడవునా ఒకే రీతిగా లేకపోయినా, లోపలి ఉక్కు తీగ మీద చుట్టు సమానంగా బిగిసి లేకపోయినా ఇలా జరుగుతుంది. అటువంటి తీగను ఏ ట్యూనింగ్ కీ (తీగను బిగించే మర) తిప్పీ సరిచేయలేము. కింది ఫ్రెట్ల దగ్గర ఇంపుగా ఉన్న కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) పైకి వెళ్లేసరికి అపశ్రుతి అవుతుంది. అదే గిటార్‌కు, అదే గేజ్‌లో (తీగ మందంలో), నగరంలోని ఒక వాద్యాల దుకాణంలో కొన్న అసలు సెట్టును వేయగానే ఈ దోషం మాయమైంది. కాబట్టి శ్రుతి నిలవడం లేదని ట్యూనింగ్ కీలు మార్పించడానికో, తీగలను కింది వైపు పట్టి ఉంచే బ్రిడ్జ్‌ను అరగదీయించడానికో తొందరపడకండి. ముందు తీగలను అనుమానించండి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కోటింగ్ ఉంటే శ్రుతి నిలుస్తుందన్నట్లు ఆ విక్రేత వివరణలో రాశారు. పొర చేసే పని తీగను తుప్పు నుంచి, మురికి నుంచి కాపాడటం. శ్రుతి నిలవడం తీగ తయారీలోని సమానత్వం మీద, కీ పోస్టు చుట్టూ తీగను జారకుండా రెండు మూడు చుట్లు చుట్టడం మీద, మెడ పై చివర తీగలు ఆనే నట్ గాడిలో అది ఇరుక్కోకుండా ఉండటం మీద ఆధారపడుతుంది.

గుర్తుపట్టే దారులు కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు డాడారియో అనే కంపెనీ తీగల చివరి గుండులకు రంగులుంటాయి: ఆరవ తీగకు ఇత్తడి రంగు, ఐదవదానికి ఎరుపు, తరువాత వరుసగా నలుపు, ఆకుపచ్చ, ఊదా, వెండి. రంగులు సరిపోయినంత మాత్రాన అసలువని నమ్మరాదు, వాటినీ అనుకరించగలరు. వరుస తప్పితే మాత్రం వెంటనే అనుమానించాలి. ఆ కంపెనీ ప్యాకెట్ లోపల ఇచ్చే కోడ్‌ను తమ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకునే వీలు కల్పించింది. ఆ పరీక్ష రంగులకన్నా నమ్మదగినది. 12-53 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో మొదటి, ఆరవ తీగల మందం) అని రాసి ఉంటే మొదటి తీగ మందం సుమారు 0.30 మిల్లీమీటర్లు, ఆరవది సుమారు 1.35 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నని మందాలు కొలిచే మైక్రోమీటర్ ఉన్న వర్క్‌షాపులో నిమిషంలో తేలిపోతుంది.

ప్యాకెట్ తెరిచారు కనుక తిరిగి తీసుకోబోమని విక్రేత జవాబిచ్చాడు. తెరవకుండా, బిగించకుండా తీగ మంచిచెడ్డలు ఎవరూ తేల్చలేరు కనుక ఆ జవాబును అంగీకరించకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్లు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వాడిన తీగలను, కవరును పారవేయకండి. దిగుమతి అయిన ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర తప్పనిసరిగా ఉండాలి. మా కవరు మీద ఈ మూడింటిలో ఒక్కటీ లేదు, మా ఫిర్యాదుకు జతచేసిన మొదటి ఫొటో దానిదే.