టీ తాగడానికి అనుమతి ఇచ్చిన కీ టైమర్

వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళు ఏం కొనుక్కోవాలని అడిగితే అందరూ కుర్చీ, హెడ్‌ఫోన్స్ చెబుతారు. నేను వంటింట్లో వాడే కీ టైమర్ చెబుతాను. రాజమండ్రి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల షాపులో 300 రూపాయల లోపే దొరికింది. ఎర్రగా, టమాటాలా ఉంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, పై సగం తిప్పితే 60 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు.

నేను మెడికల్ కోడర్‌ని. అమెరికా ఆసుపత్రుల చార్టులు, అంటే రోగుల రికార్డులు చదివి, జబ్బుకీ చికిత్సకీ కోడ్లు వేస్తాను. రోజుకిన్ని చార్టులని టార్గెట్, అందులో 95 శాతం కరెక్టుగా ఉండాలి. ఆఫీసులో టీకి లేస్తే పక్క సీటువాళ్ళూ లేచేవారు. ఇంట్లో అదే టీకి లేస్తే గుండెదడ. చాట్‌లో నా పేరు పక్కన పచ్చ చుక్క పసుపైపోతే, అంటే సీట్లో లేనని తెలిసిపోతే, టీమ్ లీడ్ ఏమనుకుంటారో అని. మధ్యాహ్నం అన్నం కంచం లాప్‌టాప్ పక్కకే వచ్చేది. టార్గెట్ అయిపోయాక కూడా ఇంకో నాలుగు చార్టులు చేసేయొచ్చుగా అని లోపల ఒకటే పోరు. "కాసేపు నడుం వాల్చమ్మా" అని అత్తయ్య అన్నా, పడుకుంటే జీతం ఊరికే తీసుకుంటున్నట్టుండేది. చార్టుల్లో తరచూ ఎఫ్ 41.9 వేస్తుంటాను. ఆందోళన ఉంది, ఏ రకమో డాక్టరు రాయలేదు అన్నప్పుడు వేసే కోడ్ అది. ఆ లక్షణాలు చదువుతున్నప్పుడల్లా నా గురించే రాసినట్టుండేది.

ఇప్పుడు ఈ టైమర్ పెట్టుకునే పనిచేస్తాను: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక కాస్త పెద్ద విరామం. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, ఇలాంటి టమాటా టైమర్‌తోనే ఈ పద్ధతి మొదలుపెట్టారు. దీనితో ఎక్కువ పని పూర్తవుతుందని చెబుతుంటారు. నా చార్టుల లెక్క ఏమీ పెరగలేదు. కానీ గంట మోగితే లేవాలి అన్నది రూలు కాబట్టి, లేవడం కూడా పనిలో భాగమైపోయింది. ఇప్పుడు టీ తాగుతుంటే ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉండదు. నాకు కావలసింది ఇదే.

ఫోన్‌లో టైమర్ ఉందిగా అంటారు. ఉంది. అది ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆఫీసు గ్రూపులో మెసేజ్‌లు కనబడతాయి, ఐదు నిమిషాలూ అక్కడే పోతాయి. దీంట్లో చూడటానికి ఏమీ లేదు. మోగగానే బాల్కనీలోకి వెళ్ళి కరివేపాకు మొక్క దగ్గర నిలబడతాను. ఐదు నిమిషాలకి మళ్ళీ మోగగానే వచ్చి కూర్చుంటాను.

లోపాలూ ఉన్నాయి. ఐదు నిమిషాలకి నేరుగా తిప్పితే స్ప్రింగు సరిగ్గా బిగియదు, ఒక్కోసారి మోగనే మోగదు. సగం దాకా తిప్పి, వెనక్కి 5 మీదకి తేవాలి. టైము ఒక నిమిషం అటూ ఇటూ అవుతుంది. టిక్ టిక్ మైకులో వినబడుతుంది కాబట్టి, కాల్ ఉన్నప్పుడు మడత పెట్టిన తువ్వాలు మీద పెడతాను. ఇన్‌పేషెంట్ చార్టులు, అంటే ఆసుపత్రిలో చేరినవాళ్ళవి, పెద్దవి. ఆపరేషన్ నోట్ మధ్యలో గంట మోగితే చిరాకేస్తుంది, వాటికి మాత్రం 50 పెట్టుకుంటాను.

నిద్ర పట్టకపోయినా, దడ తగ్గకపోయినా ఈ టైమర్ సరిపోదు. అలాంటివాళ్ళు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సర్వీసు ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంత చిన్న విషయానికి ఫోనేంటని ఆగిపోవద్దు.

5కి 4 ఇస్తాను, ఒకటి తగ్గించింది ఆ టిక్ టిక్‌కే. కొనేముందు షాపులోనే 25కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఒక్కో పీసు శబ్దం ఒక్కోలా ఉంది.