23 ఎపిసోడ్లు, 25 ఏళ్ల వాడకం: స్వాట్ క్యాట్స్

మా అవ్వకు స్వాట్ క్యాట్స్ అనే పేరు నోరు తిరగలేదు. "పిల్లుల విమానం" అనేది. సాయంత్రం నేను ట్యూషన్ ఎగ్గొట్టి టీవీ ముందు చతికిలబడితే, వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతూ లోపలికి తొంగిచూసి, "ఏమి నాయనా, మళ్లీ ఆ పిల్లులు విమానం తోలతాండాయా?" అని అడిగేది. తిరుపతి కోర్లగుంటలో మాది రెండు గదుల బాడుగిల్లు. కేబుల్ పెట్టించింది అవ్వకు పొద్దున్నే భక్తి పాటలు వస్తాయని. వాడుకున్నది నేను, కార్టూన్ నెట్‌వర్క్ కోసం.

మామూలుగా రివ్యూ రాసేవాళ్లు వస్తువు కొని, నెలో రెండు నెలలో వాడి రాస్తారు. నేను ఈ కార్టూన్ చూడటం మొదలుపెట్టింది 2000లో, నాలుగో తరగతిలో. ఇన్నేళ్లలో ఉన్న 23 ఎపిసోడ్లనే తిప్పి తిప్పి చూశాను తప్ప కొత్తది ఒక్కటీ చూడలేదు. అందుకని దీన్ని సగం కార్టూన్ మీద రివ్యూ, సగం దాని కోసం ఎదురుచూడటం మీద రివ్యూ అనుకోండి.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. మెగాక్యాట్ సిటీ అని ఒక ఊరు. అందులో మనుషులుండరు, అందరూ పిల్లులే. చాన్స్ ఫర్లాంగ్, జేక్ క్లాసన్ అనే ఇద్దరు ఒకప్పుడు ఎన్‌ఫోర్సర్స్ అనే రక్షణ దళంలో పైలట్లు. వాళ్ల కమాండర్ ఫెరల్‌తో గొడవొచ్చి, చివరికి వాళ్ల జెట్ పోయి హెడ్‌క్వార్టర్స్ బిల్డింగుకే గుద్దుకుంటుంది. తప్పు ఎవరిదైనా బిల్లు మాత్రం వీళ్ల నెత్తిన పడింది. ఆ నష్టం తీరేదాకా ఊరి తుక్కు యార్డులో పని చేయాలి. అక్కడ పారేసిన మిలిటరీ సామాను ఏరుకుని టర్బోక్యాట్ అనే ఫైటర్ జెట్ తయారుచేసుకుంటారు. ఊరికి ఆపదొస్తే ముసుగులు కట్టుకుని టీ-బోన్, రేజర్ అయిపోతారు. ఆపద తీరాక మళ్లీ వచ్చి జనాల కార్లు బాగుచేస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ అప్పు. రేణిగుంట రోడ్డులో మా మామకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఆదివారాలు నేను అక్కడే. నేలంతా నూనె మరకలు, ఒక మూల పాత సైలెన్సర్లు, బ్యాటరీ డబ్బాలు, చక్రాలు ఊడిన అంబాసిడర్ ఒకటి. మామ ఏదీ పారేసేవాడు కాదు. "ఉండనీలేరా, ఎప్పుడో ఒకపొద్దు పనికొస్తాది" అనేవాడు. షెడ్డు అడ్వాన్సు కోసం వడ్డీకి తెచ్చిన డబ్బు ఏళ్ల తరబడి తీరుస్తూనే ఉన్నాడు. అందుకే టీ-బోన్, రేజర్ ముసుగులో ఉన్నప్పటికంటే, చేతులకు గ్రీజు పూసుకుని ఫెరల్‌ను తిట్టుకుంటూ పనిచేసేటప్పుడే నాకు దగ్గరివాళ్లనిపించేవారు. మిగతా కార్టూన్లలో హీరోకు జెట్ కొనే డబ్బు ఎక్కడిదో ఎవడూ అడగడు.

ఆ మోజులోనే ఒకసారి గంగజాతరకు నేనూ వేషం కట్టాను. తిరుపతి జాతర చూసినవాళ్లకు తెలుసు, ఆ వారమంతా బైరాగి వేషమని, బండ వేషమని, తోటి వేషమని రోజుకొక వేషం వేస్తారు. అమ్మ నల్ల జాకెట్టు గుడ్డ మిగిలింది తీసుకుని, కళ్ల దగ్గర కత్తెరతో రెండు బొక్కలు చేసి, తల వెనక ముడేసుకుని వీధిలోకి పోయాను. ఎదురింటి అత్త ఆపి, "ఇది ఏమి వేషంరా?" అంది. "పిల్లి వేషం" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, మొక్కు ఏదైనా అయ్యుండొచ్చు అనుకుందో ఏమో, దండం పెట్టి రూపాయి చేతిలో పెట్టింది. కళ్ల బొక్కలు సమంగా లేవు. ఒక కన్నుతోనే చూస్తూ తాతయ్యగుంట దాకా నడిచాను.

ఇక అసలు రివ్యూకు వద్దాం. మొదటి సీజన్లో 13 ఎపిసోడ్లు, రెండో సీజన్లో 10. తయారుచేసింది హన్నా-బార్బెరా. దీన్ని సృష్టించింది క్రిస్టియన్, ఇవాన్ ట్రెంబ్లే అనే అన్నదమ్ములు. బొమ్మల పని జపాన్‌లోని మూక్ యానిమేషన్‌ది. ఆ జపాన్ చెయ్యి రెండో సీజన్లో బాగా కనిపిస్తుంది. జెట్ మలుపు తీసుకుంటుంటే మనం కూర్చున్న చోటే పక్కకు వాలతాం. చిన్నప్పుడు సీజన్లనేవి ఉంటాయని తెలియదు. టైటిల్ పాటలో గిటార్ మారితే "ఇది మంచి బ్యాచ్" అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక లెక్క చూస్తే, ఆ "మంచి బ్యాచ్" అంతా రెండో సీజనే.

రేజర్ తయారుచేసే మిసైళ్ల గురించి ఎంత రాసినా తక్కువే. ఊరికే పేలిపోయేవి తక్కువ. ఆక్టోపస్‌లా చేతులు చాచి పట్టుకునేది ఒకటి, సిమెంటు కక్కే తుపాకీ ఇంకొకటి. ప్రతి విలన్‌కు వేరే పనిముట్టు. షెడ్డులో మామ కూడా అంతే, ఊడిరాని నట్టు కనిపిస్తే దానికి సరిపోయే రెంచి తనే తయారుచేసుకునేవాడు.

నాకు బాగా గుర్తుండిపోయిన ఎపిసోడ్ 'వెన్ స్ట్రైక్స్ మ్యూటిలర్'. అంతరిక్షం నుంచి ఒక దొంగ పెద్ద ఓడేసుకుని వచ్చి భూమ్మీది నీళ్లన్నీ తోడుకుపోతుంటాడు. అది వచ్చింది ఎండాకాలంలో. మా వీధికి ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చేది. రాకముందే బిందెలు వరుసగా పెట్టి, మా బిందె జరక్కుండా అవ్వ అక్కడే కాపలా కూర్చునేది. ఆ రోజు ట్యాంకరు రాలేదు. అవ్వ విసుగ్గా లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. తెర మీద సముద్రం నీళ్లు పైకి లేస్తుంటే, "అట్ల తోడుకుపోతే అడిగేవాళ్లే లేరా?" అంది. తర్వాత నోరెత్తలేదు, కళ్లు తెర మీదనుంచి తిప్పలేదు. ఆమె మొదటినుంచి చూసిన ఎపిసోడ్ అదొక్కటే. సరిగ్గా చివర్లో కరెంటు పోయింది.

అవ్వ వదల్లేదు. మర్నాడు కాఫీ కలుపుతూ అడిగింది, "ఆ నీళ్లు మళ్లీ ఇచ్చినారా?" వారం తర్వాత ట్యాంకరు దగ్గర నిలబడి కూడా అడిగింది. నాకూ తెలియదు. నెల దాటాక ఆ ఎపిసోడ్ మళ్లీ వచ్చినప్పుడు పరుగెత్తి వాకిట్లోకి పోయి, "అవ్వా, నీళ్లు తిరిగొచ్చినాయి" అని అరిచాను. "హమ్మయ్య" అని చాట కింద పెట్టింది. కథ మధ్యలో ఆగితే ఎట్లుంటుందో నాకు మొదట తెలిసింది ఆ నెలలోనే.

లోపాలు లేవని కాదు. డిప్యూటీ మేయర్ క్యాలీ బ్రిగ్స్ ఊళ్లో అందరికంటే తెలివైనది, కానీ నాలుగు ఎపిసోడ్లకోసారి ఎవరో ఒకరి చేతిలో చిక్కాల్సిందే. మేయర్ మ్యాంక్స్ గోల్ఫ్ జోకులు మొదటిసారి నవ్వొస్తాయి, పదోసారి రావు. చనిపోయాడనుకున్న విలన్ మళ్లీ ఎట్లా బతికాడో కొన్నిసార్లు చెప్పను కూడా చెప్పరు. కానీ 'రేజర్స్ ఎడ్జ్' లాంటి ఎపిసోడ్ ఒకటి చాలు అవన్నీ మర్చిపోవడానికి. తన వల్ల దారినపోయేవాళ్లకు దెబ్బలు తగిలాయనుకుని రేజర్ బెదిరిపోతాడు, మీట నొక్కాల్సిన చోట చెయ్యి రాదు. పదేళ్ల పిల్లల కార్టూన్లో ఆ భయాన్ని అంతసేపు చూపించడం నేను మళ్లీ చూడలేదు.

స్కూలు అయిపోయేదాకా నా నమ్మకం ఒకటే: ఇవి పాతవి, కొత్తవి తయారవుతున్నాయి, త్వరలో వేస్తారు. 2006లో, ఇంటర్ చదివేటప్పుడు, లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చుని మొదటిసారి దీని పేరు కొట్టి వెతికాను. 1993 సెప్టెంబరు 11న మొదలై, 1995 జనవరి 6తో ఆగిపోయిందట. నేను పుట్టింది 1990లో. ఇది ఆగిపోయేనాటికి మా ఇంట్లో నాకు పలక కూడా కొనలేదు. ఇంకో సంగతి, మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చిందే 1995 మే నెలలో. అంటే ఇక్కడ మా తరం మొత్తం ఎదురుచూసింది, మా దాకా రాకముందే ఆగిపోయినదాని కోసం. నెట్ సెంటర్ అన్న "టైమైపోయింది తమ్ముడూ" అని భుజం తట్టేదాకా అట్లే కూర్చున్నాను.

ఆఖరున ప్రసారమైంది కూడా కొత్త కథ కాదు. పాత ఎపిసోడ్ల ముక్కలు కలిపి, టీవీ వార్తల కార్యక్రమంలా చేసిన స్పెషల్. ఇదొక్కటి మాత్రం నేను ఎవరికీ చూడమని చెప్పను. ఆ వెలితికంటే పెద్ద వెలితి ఇంకొకటుంది. రెండో సీజన్ జరుగుతుండగానే మరో మూడు ఎపిసోడ్ల పని మొదలైంది: 'ద డాక్టర్స్ ఆఫ్ డూమ్', 'సక్యూబస్', 'టర్మాయిల్ 2'. మూడూ మధ్యలోనే వదిలేశారు. టర్మాయిల్ ఎవరంటే, ఆకాశంలో దారికాచి డబ్బు గుంజే ఆడ పైలట్. తన ముఠాలోకి రమ్మని టీ-బోన్‌ను పిలిచే ఎపిసోడ్ రెండో సీజన్లో ఉంది. ఆమె మళ్లీ వస్తే ఏమవుతుందని నేను ఎన్ని రాత్రులు మిద్దె మీద పడుకుని ఆలోచించానో.

2010 డిసెంబరులో వార్నర్ ఆర్కైవ్ మొత్తం సిరీస్‌ను డీవీడీలుగా తెచ్చింది. అంతకుముందు నేను ఇక్కడే ఒక షాపులో "ఫుల్ సిరీస్" అని రాసిన సీడీ కొని మోసపోయాను. తెరిస్తే నాలుగు ఎపిసోడ్లు, మిగిలినవి ఇంకేవో కార్టూన్లు. తిరిగి పోయి అడిగితే "నాలుగున్నాయి గదా సార్" అన్నాడు. అసలు సెట్టును రెండేళ్ల తర్వాత పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. ఆవకాయ జాడీలు పట్టుకుపోయే పెట్టెలో వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆశ నిజంగా లేచి కూర్చుంది 2015లో. ట్రెంబ్లే సోదరులు 'స్వాట్ క్యాట్స్ రివల్యూషన్' పేరుతో కొత్త సిరీస్ కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో అభిమానులను డబ్బు అడిగారు. అడిగింది 50 వేల డాలర్లు, వచ్చింది లక్ష దాటింది. అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం, చేతిలో ఉన్నదల్లా మామూలు డెబిట్ కార్డు. అది పనిచేయలేదు. రాత్రిపూట లెక్క పెరుగుతుంటే క్రికెట్ స్కోరులా చూస్తూ కూర్చున్నాను, అంతే.

తర్వాత 2022లో తిరువనంతపురానికి చెందిన టూన్స్ మీడియా గ్రూప్ ఆ సోదరులతో కలిసి కొత్త సిరీస్ తీస్తున్నట్టు ప్రకటన వచ్చింది. స్కూల్లో నాతో కలిసి చూసినవాడు, ఇప్పుడు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, అదే రోజు ఫోన్ చేశాడు. "తిరువనంతపురమంటే మన శబరి ఎక్స్‌ప్రెస్ పోయే ఊరే గదరా. నేను చిత్తూరులో ఎక్కుతా, నువ్వు తిరుపతిలో ఎక్కు. పోయి అడిగొద్దాం." ఎక్కడో అమెరికాలో ఆగిపోయిన కార్టూన్ మన రైలు పోయే దారిలోకి వచ్చిందంటే నాకూ భలే అనిపించింది. రైలు మాత్రం ఎక్కలేదు. ఇద్దరం పిల్లల స్కూలు ఫీజుల సంగతి మాట్లాడుకుని ఫోన్ పెట్టేశాం.

ఇక్కడ నా అభిప్రాయం చాలామంది తోటి అభిమానులకు నచ్చదు. నాకు కొత్త సిరీస్ అంత అవసరం లేదు. ఆ మూడు ఎపిసోడ్లు పూర్తిచేసి ఇస్తే చాలు. ఎందుకంటే కొత్తగా తీసేది ఎంత బాగున్నా వేరేదే అవుతుంది. డార్క్ క్యాట్ అనే విలన్‌కు గొంతిచ్చిన బ్రాక్ పీటర్స్ 2005లో పోయారు. కమాండర్ ఫెరల్ గొంతు గ్యారీ ఓవెన్స్ 2015లో పోయారు. ఫెరల్ కేకలు లేని మెగాక్యాట్ సిటీ నా ఊహకు రాదు. సమురాయ్ జాక్ అనే కార్టూన్ మీరు చూసే ఉంటారు. 2004లో మధ్యలో ఆగి, 2017లో పది ఎపిసోడ్లతో తిరిగొచ్చి కథ ముగించింది. ఆకు అనే విలన్‌కు గొంతిచ్చిన మాకో 2006లోనే చనిపోవడంతో వేరే నటుడు చెప్పాడు. బాగానే చెప్పాడు. కానీ ఆకు నోరు తెరిచిన ప్రతిసారీ నేను కథ వదిలేసి ఆ గొంతును పాతదానితో పోల్చుకుంటూ కూర్చున్నాను. అయినా ముగింపు చూశాక రాత్రి హాయిగా నిద్రపట్టింది, అది ఒప్పుకోవాలి.

అందుకే మా ఫ్రెండుతో ఇప్పటికీ వాదన. వాడికి కొత్త జెట్, కొత్త విలన్లు కావాలి. నాకు రెండే రెండు విషయాలు కావాలి. తన కారు బాగుచేసే మెకానిక్కులే స్వాట్ క్యాట్స్ అని క్యాలీకి ఎప్పటికైనా తెలుస్తుందా? ఆ బిల్డింగు అప్పు తీరిందా? మామ షెడ్డు అప్పు 2011లో తీరింది. ఆ రోజు ఆయన అందరికీ బిర్యానీ పెట్టించాడు. వీళ్లది మాత్రం 1993 నుంచి అట్లే ఉంది.

పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు 'రేజర్స్ ఎడ్జ్'తో మొదలుపెట్టకండి, అది తర్వాత. ముందు 'ద మెటాలిక్యాట్స్' చూపించండి. భార్యాభర్తల దొంగల జంట, రోబోలై కూడా ఒకరినొకరు తిట్టుకోవడం మానరు, పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ తర్వాత రెండో సీజన్‌కు పోండి. క్లిప్పుల స్పెషల్ వదిలేయండి. తిరుపతిలో నాకు తెలిసినవాళ్లు ఎవరడిగినా నా డీవీడీ సెట్టు అరువిస్తాను, వారంలో తిరిగివ్వాలి. ఒక డిస్కు మీద మాత్రం పెద్ద గీత ఉంది, మా అమ్మాయి దాన్ని చక్రంలా దొర్లించింది. నీళ్ల ఎపిసోడ్ దాంట్లోనే. చివర్లో కాసేపు ఆగుతుంది, టీవీ కట్టేయకండి, మళ్లీ ఆడుతుంది.