కుక్క పోయిన ఇంటికి కొత్త కుక్కపిల్లతో వెళ్లాలా, ఊరికే వెళ్లి కూర్చోవాలా?

పెంచుకున్న కుక్క పోయి స్నేహితుడు కుమిలిపోతుంటే మనకు తోచేవి రెండే: ఓ కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టడం, లేదా వెళ్లి కాసేపు పక్కన కూర్చోవడం.

ఖర్చు: జాతి కుక్కపిల్లకు వేలల్లో అవుతుంది. వీధి కుక్కపిల్ల ఉచితమే. కానీ టీకాలు, తిండి, పదేళ్లకు పైగా బాధ్యత వాళ్ల నెత్తినే పడతాయి. కూర్చోవడానికి ఓ సాయంత్రం చాలు.

శ్రమ: కుక్కపిల్లను తేవడం ఒక్క రోజు పని. ఏడుస్తున్న మనిషి ముందు మాట్లాడకుండా కూర్చోవడమే కష్టం, నాకైతే మరీను. "కుక్కే కదా" అని నోరు జారామా, అంతే సంగతులు. దాన్ని పేరుతోనే తలుచుకోండి, ఫొటోలు చూపించమనండి.

రిస్క్: పాత కుక్క పార్వో అనే వైరస్ జబ్బుతో పోయి ఉంటే ఆ వైరస్ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి ఉండిపోగలదు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లను అక్కడికి తీసుకెళ్తే ఆ ఇల్లు రెండో చావు చూడాల్సి రావచ్చు.

"ఇంకోటి తెచ్చుకుందాం" అని వాళ్లే అంటుంటే కుక్కపిల్ల సరే, అదీ వాళ్లనే ఎంచుకోనివ్వండి. గిన్నె, గొలుసు ఇంకా తీయని ఇంటికైతే ఒట్టి చేతులతో వెళ్లండి. మహా అయితే క్యారేజీలో అన్నం పట్టుకెళ్లండి.