పవర్ స్టీరింగ్ పైపు కొన్నారా? బిగించే ముందు దాని మీద స్టిక్కరు ఊడదీసి చూడండి

చేతులకు ఆయిల్ జిడ్డు ఇంకా వదలలేదు. కోపం అసలే వదలలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి తెలుసు. కారు విడిభాగాల కోసం ఆన్‌లైన్‌లో వెతికితే అన్నిటికంటే ముందు కనిపించే దుకాణం వాళ్లదే. ప్రతి వస్తువు పక్కనా ‘నూటికి నూరుపాళ్లూ అసలైనది’ అని ఆకుపచ్చ ముద్ర ఉంటుంది. ఆ ముద్రను నమ్మే కొన్నాను. ముద్ర వేసుకునేది కూడా వాళ్లే కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

పాత కారు. పవర్ స్టీరింగ్ పంపు నుంచి, ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్‌కు ఆయిల్ తీసుకెళ్లే ప్రెజర్ పైపు అతుకు దగ్గర చెమర్చడం మొదలైంది. రిజర్వాయర్‌లో ఆయిల్ వారం వారం తగ్గుతోంది. రెండు నట్ల పనే కదా, నేనే చేసుకుంటాను అనుకున్నాను. నిజంగా రెండు నట్ల పనే. కాకపోతే రెండోది చెయ్యి దూరని చోట ఉంటుంది. మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయని ఫ్లేర్ నట్ల పానా తెచ్చుకున్నాను. అతుకుల్లో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేసి, వాటికి కాస్త ఆయిల్ రాశాను. కారు పుస్తకంలో ఏ రకం ఆయిల్ అని ఉందో అదే పోశాను. ముందు చక్రాలు నేలకు తగలకుండా స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ ఆన్ చేయకుండానే స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై సార్లకు పైగా తిప్పి, పైపుల్లో గాలి మొత్తం తీశాను. నురగ లేదు, మూలుగు లేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నన్ను పని రానివాడిగా తేల్చారు, అందుకు చెబుతున్నాను.

నాలుగో రోజు ఇరుకు చోట కారు పెడుతూ స్టీరింగ్ కొసదాకా తిప్పాను. టప్పుమంది. అంతవరకు ఒక్క వేలితో తిరిగిన స్టీరింగ్ రెండు చేతులతో లాగినా కదలనంత బరువెక్కింది. బానెట్ సందుల్లోంచి తెల్లగా పొగ. ఆయిల్ వెళ్లి వేడి ఎగ్జాస్ట్ మీద పడింది. అది మంట అంటుకునే ఆయిల్ అని గుర్తు రాగానే ఇంజిన్ ఆపేసి బయటికి దూకాను. కారు నడక వేగంలో ఉంది కాబట్టి సరిపోయింది. మలుపులో, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు జరిగి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాడినో లేదో.

అన్నీ చల్లారాక పైపు విప్పాను. నేను బిగించిన నట్లు చెక్కు చెదరలేదు. ఇనుప కొసను రబ్బరుతో కలిపి నొక్కిన చోట, అంటే తయారీలో నొక్కిన చోట, పుల్ల నుంచి ఐసు ఊడినట్టు రబ్బరు ఊడి వచ్చేసింది. పైపు మధ్యలో ‘అధిక పీడనం’ అని రాసిన వెండిరంగు స్టిక్కరు ఆయిల్‌లో నాని సగం వేలాడుతోంది. బొటనవేలితో తోస్తే మొత్తం జారిపోయింది. దాని కింద రబ్బరు మీద తెల్లటి అచ్చు అక్షరాలు కనిపించాయి. గుడ్డతో తుడిచి, ఫోను లైటు వేసి చదివాను. ఎస్‌ఏఈ జె189.

ఎస్‌ఏఈ అంటే వాహనాల ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంఘం. పంపు నుంచి ర్యాక్‌కు వెళ్లే ప్రెజర్ గొట్టానికి వాళ్ల ప్రమాణాల్లో ఒకటి జె188. ర్యాక్ నుంచి రిజర్వాయర్‌కు ఆయిల్ తిరిగి వచ్చే గొట్టానికి ఉన్నది జె189. తేడా ఒక్క అంకె. తిరుగు గొట్టంలో ఒత్తిడి ఎంత తక్కువంటే, మామూలు క్లాంపు బిగిస్తే చాలు, నిలుస్తుంది. పంపు వైపు సంగతి వేరు. స్టీరింగ్ కొసదాకా తిప్పి పట్టుకుంటే అక్కడ ఒత్తిడి 1,000 పీఎస్‌ఐ దాటుతుంది. మీ కారు టైర్లలో ఉండేది ముప్పై చిల్లర. అంటే ఎవరో ఒక తిరుగు గొట్టం ముక్క కోసి, రెండు కొసలకూ ఇనుము నొక్కి, అక్షరాలు ఎక్కడున్నాయో చూసుకుని మరీ వాటి మీద స్టిక్కరు అంటించారు. ఒక అంగుళం పక్కకు జరిగినా అక్షరాలు కనిపించేవి. జరగలేదు. ఇంత శ్రద్ధ పైపు తయారీ మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇక అసలు సంగతి. ఆ దుకాణం చాట్‌లో ఫొటోలు పంపిన ఐదు నిమిషాలకే జవాబు వచ్చింది. ‘అయ్యో సార్, మీకేమీ కాలేదు కదా?’ నేను కరిగిపోయాను. లేదండీ అన్నాను. ‘దేవుడి దయ సార్. పైపు ఎంత శుభ్రంగా విప్పారో, కొసల మీద ఒక్క గీత కూడా లేదు. మంచి పనివాడే దొరికాడు మీకు. ఎవరు సార్?’

నేనే అన్నాను. అది చాలదన్నట్టు, ‘బిగించింది కూడా నేనే, ఇంట్లోనే’ అని కలిపాను. ఆ పైన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను. తిండి మానేసి ఆలోచిస్తున్నా ఆ నవ్వు బొమ్మ ఎందుకు పెట్టానో నాకు అర్థం కావడం లేదు.

రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత వచ్చింది ఇది: ‘అర్హత గల మెకానిక్ బిగించని వస్తువుకు వారంటీ వర్తించదు. అతిగా బిగించడం వల్ల కలిగే నష్టానికి మేము బాధ్యులం కాము. ధన్యవాదాలు.’ అంతే, సంభాషణ ముగిసింది అని చూపించింది. అతిగా బిగించానట! ఊడిన చోట పానా పెట్టడానికి నట్టే లేదు మహానుభావా, అది మీరు నొక్కిన చోటు. ఈ మాట టైపు చేసేసరికి పంపే మీట కూడా మాయమైంది.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకొకరు వచ్చారు. జె189 అక్షరాల ఫొటో పంపి, దీనికేం చెబుతారు అన్నాను. ఆయన తాపీగా చూసి చెప్పిన జవాబు: ‘సార్, ఉత్పత్తిపై ఉన్న స్టిక్కరు తొలగించినందున దీన్ని వెనక్కి తీసుకోవడం వీలుపడదు.’

తప్పంతా వాళ్లదే అనను. పాత పైపు, కొత్త పైపు నేల మీద పక్కపక్కన పెట్టి పొడవు కొలిచాను, వంపులు సరిచూశాను, మరలు సరిచూశాను. పాతది చేత్తో వంచితే మొండికేసింది. కొత్తది చెప్పినట్టు వినింది. కొత్త రబ్బరు కదా, మెత్తగా ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పదేళ్లుగా నా కార్ల పనులు నేనే చేసుకుంటున్నాను, ఇదీ నా తెలివి.

కొనేవాళ్లకు రెండు మాటలు. పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి, అందులోనే రబ్బరు మీద అక్షరాలు చదవండి, అడ్డంగా స్టిక్కరు ఉంటే వీడియోలోనే ఊడదీయండి. కారు కంపెనీలు సొంత గుర్తులు వేసుకుంటాయి కాబట్టి జె188 అని లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు, కానీ ప్రెజర్ వైపు పైపు మీద జె189 అని కనబడితే మాత్రం బిగించవద్దు. పాత పైపు పారేయకండి. ఎవరు బిగించారు అని ఎంత తీయగా అడిగినా నోరు విప్పకండి.

ఇంకొకటి. బిగించిన రోజు సాయంత్రమే ఉత్సాహం ఆపుకోలేక ఐదు నక్షత్రాలు ఇచ్చి, ‘చక్కగా సరిపోయింది, అసలైన వస్తువు’ అని రాశాను. ఇప్పుడు మార్చబోతే కుదరడం లేదు. ఆ పైపు కింద అన్నిటికంటే పైన కనిపిస్తున్న మెప్పు నాదే. దాన్ని నమ్మకండి.