కాంటెస్సా 1.8: ఇంజన్ దొరుకుతుంది, అద్దం దొరకదు

అనంతపురం, కర్నూలు వైపు కాంటెస్సా అమ్మకానికి వచ్చిందంటే చూడ్డానికి వెళ్లినవాళ్లు బానెట్ ఎత్తుతారు. ముందు ఎత్తాల్సింది ఫ్లోర్ మ్యాట్, కింద తుప్పు ఉందేమో చూడ్డానికి. ఈ కారులో ఇంజన్ పోతే చేయించుకోవచ్చు. ముందు అద్దం పగిలినా, టెయిల్ ల్యాంప్ విరిగినా నెలల తరబడి బండి షెడ్డులోనే. బేరం చేసేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే సగం నష్టం తప్పుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984లో తెచ్చి 2002లో ఆపేసింది. మూలం బ్రిటన్ కంపెనీ వాక్స్‌హాల్ చేసిన వీఎక్స్ కారు. పొడుగు బానెట్, వెనక చక్రాలకు పవర్. అందుకే దీనికి దేశీ మజిల్ కారు అని పేరొచ్చింది. మొదటి బళ్లలో ఉన్నది అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే. దాని 50 హార్స్‌పవర్ ఈ ఒళ్లును ఈడ్చలేక ఈడుస్తుంది. తర్వాత వచ్చిన ఇసుజు 1817 సీసీ పెట్రోల్ 88 హార్స్‌పవర్ ఇస్తుంది, గేర్లు అయిదు. కొనేదుంటే ఇదే కొనండి. డీజిల్ కూడా ఉంది గానీ, మైలేజీ చూసుకునేవాళ్లు ఈ కారు జోలికే రారు కదా.

ఇసుజు ఇంజన్‌కు సామాన్లు దొరకడానికి కారణం ఉంది: ఇదే ఇంజన్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ వచ్చింది. బెంగళూరు జేసీ రోడ్డులోనో, హైదరాబాద్ రాణిగంజ్‌లోనో "కాంటెస్సాకు కావాలి" అని అడిగితే లేదంటారు. "అంబాసిడర్ ఇసుజు" అని అడిగి చూడండి. పాత పార్టును చేతిలో పట్టుకుపోతే ఇంకా మేలు. బాడీకి మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. విండ్‌షీల్డ్, దాని రబ్బరు బీడింగ్, డోర్ హ్యాండిళ్లు, బంపర్, లైట్ల అద్దాలు అంబాసిడర్‌వి సరిపోవు. ఈ అయిదూ నిక్షేపంగా ఉన్న బండికి ఎక్కువ పెట్టినా తప్పులేదు.

మన ఎండల్లో దీని అసలు శత్రువు బోరు నీళ్లు. అనంతపురం జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. రేడియేటర్లో అవే పోస్తూ వస్తే గొట్టాల లోపల తెల్లటి పొర గట్టిపడి నీళ్లు తిరగవు. రేడియేటర్ మూత తీసి (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే) లోపల వేలు పెట్టి గీకండి. తెల్లటి పొడి గానీ తుప్పు బురద గానీ అంటుకుంటే ఆ రేడియేటర్‌కు పని ఉన్నట్టే. పాత ఇత్తడి రేడియేటర్ అయితే పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో సన్నని కడ్డీ దూర్చి శుభ్రం చేసి, మళ్లీ టంకం వేస్తారు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. పాత రబ్బరు గొట్టాలు, మూత కూడా అప్పుడే మార్చేయాలి. మూత ప్రెషర్ ఆపకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి, గుత్తి దాటకముందే ఆవిరి లేస్తుంది.

ఇక్కడి మెకానిక్‌లలో కొందరు వేసవి వచ్చిందంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) పీకేస్తారు. అది రోగం దాచడం. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ పని చేయాల్సిన వేడికి సరిగా రాక పెట్రోల్ తాగుతుంది, ఆయిల్లో మడ్డి చేరుతుంది. గొట్టాలు పూడిపోయిన రేడియేటర్ ఎటూ అలాగే ఉంటుంది.

ఇంకో వేసవి తంటా: దాబా దగ్గర పది నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ కాదు. ఇంజన్ వేడికి పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోయి కార్బొరేటర్‌కు చేరదు. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగితే చాలు. ఊరికే సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతుంది. ఇది పదేపదే వస్తుంటే పెట్రోల్ పైపు ఇంజన్ పొగ బయటికి పోయే వేడి మ్యానిఫోల్డ్‌కు ఆనుకుని పోతోందేమో చూసి దూరంగా కట్టించండి.

20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు పైపులు ఉబ్బి పగుళ్లిస్తాయి. కొన్న వారంలోనే ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా అన్నీ ఇథనాల్ తట్టుకునే పైపులతో మార్పించండి. కార్బొరేటర్ కిట్ కూడా కొత్తది వేయించాలి. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. నెలల పాటు నిలిపేసే బండిలో ట్యాంకు సగం ఉంచకండి. నిండుగానైనా ఉంచాలి, లేదా పెట్రోల్ పూర్తిగా తీసేయాలి. 1489 ఇంజన్ కొన్నవాళ్లకు అదనపు పని: సీసం పెట్రోల్ కాలం నాటి వాల్వ్ సీట్లు ఇప్పటి సీసం లేని పెట్రోల్‌తో అరిగిపోతాయి. 15 థౌ (అంగుళంలో వెయ్యికి 15 వంతులు) పెట్టిన ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, మాటిమాటికీ తగ్గిపోతుంటే అదే కారణం. గట్టి సీట్లు వేయిస్తే సరి.

తుప్పు విషయంలో మన సీమ బండ్లు నయం, గాలి పొడిగా ఉంటుంది. చెన్నై నుంచి వచ్చిన బండిని మాత్రం నమ్మకండి. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం డోర్ల కింద, వెనక చక్రాల పైన, డిక్కీలో స్టెప్నీ కింద ఆనించండి. జారిపోయిన చోట లోపల పుట్టీ.

చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ, అటూ ఇటూ పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ గానీ అరిగి ఉంటే బయటపడతాయి. గేరు మార్చగానే కింద "టక్" మంటే, వెనక చక్రాలకు పవర్ తీసుకుపోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు అరిగినట్టు. ఇవన్నీ మామూలు పనులే, భయపడనక్కర్లేదు. బ్రేకుకు: ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం లోపలికి దిగితే బూస్టర్ (బ్రేకు తొక్కడం తేలిక చేసే భాగం) బాగుంది.

ఖర్చు సంగతి. మైలేజీ 9 అనుకుంటే, లీటరు 110 చొప్పున కిలోమీటరుకు 12 రూపాయలు పైనే. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి వస్తే సుమారు 430 కిలోమీటర్లు, 5,250 రూపాయలు పెట్రోలుకే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిందానికి ఏడాదికి 7,897, జీఎస్టీ వేరే. తమాషా ఏమంటే, 11 సీసీ తక్కువ కావడంతో 1489 ఇంజన్‌కు 3,416తో పోతుంది. ప్రతి కాంటెస్సా ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటిందే కాబట్టి, 2025 ఆగస్టు నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 10,000. అయిదేళ్లకోసారి. గ్రీన్ ట్యాక్స్ దానికి తోడు. యాభై ఏళ్లు నిండితేనే వింటేజ్ కింద లెక్క, మొదటి బండికి కూడా అది 2034 మాటే.

డబ్బు చేతిలో పెట్టే ముందు ఆర్‌సీలో ఇంజన్ నంబరు, బ్లాక్ మీద కొట్టిన నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. వేరే ఇంజన్ ఎక్కించి, ఆర్టీఓలో ఎక్కించని కాంటెస్సాలు ఉన్నాయి. అలాంటిది రెన్యువల్‌కు తీసుకుపోతే వెనక్కి పంపుతారు.